మూసారాంబాగు దొర

హైదరాబాదులో చదువుకున్న మనలో చాలామంది సిటీబస్సులో మూసారాంబాగు దాటినవారే. ఆ మూసారాం ఎవరో భక్తుడో, షావుకారో అనుకున్నామే కాని ఎవరినీ అడిగి తెలుసుకోలేదు. ఇక్కడ ప్లేనోలో మన పిల్లలు బడిలో తమ పేర్లు నానా విధాలుగా పలికించుకుని ఇంటికి వస్తూంటే, ఆ పేరు కథ చెప్పాలని మాకు తోచింది.

మూసారాం ఫ్రెంచి సేనాని. అసలు పేరు మిషెల్ జొవాకిం మరీ రేమండ్. ‘మొస్యూ రేమండ్’ను హిందువులు మూసారాం చేసుకున్నారు, ముస్లిములు మూసారహీం చేసుకున్నారు. ఎవరి దేవుడు వారికి దొరికాడు!

1755లో గాస్కనీ సీమలో పుట్టిన ఈయన 1775లో పుదుచ్చేరి చేరాడు. మైసూరు కొలువులో కొంతకాలం ఉండి, పిమ్మట బుస్సీ దొరకు సహాయకుడయ్యాడు. 1757 బొబ్బిలి యుద్ధం నాటి బుస్సీయే ఆయన. 1785లో బుస్సీ మరణించాక, మరుసటి ఏడు నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. కొద్దిమందితో మొదలైన పటాలం పన్నెండేళ్ళలో పదివేలు మించింది. ఆ రోజులలో ఫిరంగులు పోతపోసిన చోటే నేటి గన్‌ఫౌండ్రీ.

1793లో ప్యారిస్‌లో రాజు తల తెగింది. హైదరాబాదులో రేమండ్ సేన విప్లవపు మూడు రంగుల జెండా ఎగరేసింది. గుండీల మీద స్వేచ్ఛకు గుర్తైన టోపీ. జీతం మాత్రం నవాబుగారిదే! 1795 ఖర్దా యుద్ధంలో మరాఠాల ముందు నిజాం వెనుదిరిగినా, రేమండ్ దళాలు నిలబడి పోరాడాయి.

టిప్పు ఒకవైపు, ఈ జెండా ఒకవైపు కనిపిస్తూంటే ఇంగ్లీషువారికి నిద్ర పట్టలేదు. 1798 మార్చి 25న రేమండ్ నలభై మూడేళ్ళు నిండకుండానే పోయాడు. విషం పెట్టారన్న మాట పుట్టింది కాని రుజువు లేదు. సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో సంధి చేసుకుని, ఫ్రెంచి సేనను రద్దు చేయడానికి ఒప్పుకున్నాడు. సిపాయిలు జీతపు బాకీల కోసం తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. అక్టోబరు 22న, ఒక్క ఫిరంగి పేలకుండా, ఆయుధాలు కింద పెట్టారు.

ఇది మన ఇళ్ళ చరిత్ర కూడా. ఫ్రెంచి సేన స్థానంలో వచ్చిన కంపెనీ సేన ఖర్చు కిందనే 1800లో నిజాం బళ్ళారి, కడప, కర్నూలు సీమలను కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. 1928లో గాని వాటికి రాయలసీమ అన్న పేరు పెట్టుకోలేదు.

మలకపేట దగ్గర ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద రేమండ్ సమాధి ఉంది. ఏటా అక్కడ జనం చేరి దీపాలు పెట్టేవారట. పక్కనున్న మంటపం 2001 వానలకు కూలితే మళ్ళీ కట్టారు. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మూసారాంబాగు మెట్రో స్టేషనులో దిగి పిల్లలకు చూపించండి. సమాధి స్తంభం మీద ఆయన పేరు పూర్తిగా లేదు, జె.ఆర్. అన్న రెండు పొడి అక్షరాలే ఉన్నాయి.