రాత ఆమెది, సంతకం ఆయనది

సంఘం ఒకరికి జీతమిచ్చి ఇద్దరి చేత పని చేయించుకుంటుందని మా అమ్మ నవ్వుతూ అనేది. ఆమె పాస్టరమ్మ. స్త్రీల సమాజం, సండేస్కూలు, చావిళ్ళలో ఓదార్పు, వేళకాని వేళ వచ్చినవాళ్ళకు టీ, అన్నీ ఆమెవే. చీర కాస్త మెరిస్తే అయ్యగారి జీతం లెక్కకొచ్చేది, వెలిసిపోతే సంఘం పరువు పోయేది. నాకు లెక్కల్లో మార్కులు తగ్గితే ఆ సంగతి ఆదివారం ప్రార్థన మనవుల్లో చేరింది.

ఈ 'అమ్మగారు' అచ్చు ఎక్కడ తయారయిందని వెతికితే మిషన్ బంగళా దగ్గర ఆగాల్సి వచ్చింది. పెళ్ళికాని స్త్రీ మిషనరీలను స్త్రీల మిషన్ సంఘాలు జీతమిచ్చి పంపేవి. మిషనరీ భార్య పని మాత్రం భర్త నియామకంలోనే కలిసిపోయేది.

ఒంగోలు అనగానే క్లౌ దొర గుర్తొస్తాడు. 1876-78 కరువు, బకింగ్‌హాం కాలువ పని, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు. ఆయన స్వీయచరిత్ర 1914లో, ఆయన పోయిన నాలుగేళ్ళకు వచ్చింది. అందులో 'నేను' క్లౌ. రాసింది మాత్రం ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. ఆయన కోసం భార్య రాసిపెట్టిందని పుస్తకం మొదటి పుటే చెబుతుంది.

ఎవరీ ఎమ్మా? 1880లలో ఒంటరిగా మిషనరీగా వచ్చిన మనిషి. బెర్న్ విశ్వవిద్యాలయంలో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద డాక్టరేటు చేసింది. ఆ పుస్తకం 1898లో అచ్చయింది. మరుసటి ఏడు ఒంగోలు ప్రాంతపు మాదిగల మీద మరో పుస్తకం రాసింది. స్త్రీల హక్కుల గురించి అంత చదివిన మనిషి భర్త 'నేను'లో ఒదిగిపోయింది. బలవంతమని నేననను. ఇష్టంగానే రాసి ఉండొచ్చు. మా అమ్మా ఇష్టంగానే చేసింది. ఇష్టం ఉందన్నాక ఎవరూ లెక్క అడగరు, చిక్కంతా అక్కడే.

ఎమ్మాకు పేరైనా మిగిలింది. ఆమె తెల్లదొరసాని, బంగళాలో నౌకర్లుండేవారు. మాల మాదిగ పల్లెల్లో కాపురం చేసిన తెలుగు పాస్టర్ల భార్యలకు నౌకర్లు రాలేదు, అచ్చు మాత్రం వచ్చింది. పొద్దున నాట్లకు వెళ్ళే ఆడవాళ్ళకు ఈమె 'ఆదర్శ గృహిణి'గా కనబడాలి, అదీ పాస్టరు జీతంతో.

2013లో నంద్యాలలో పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్ అయ్యారు. సంతోషించాం. పాస్టరు ఇంటి వంటగదిని మాత్రం ఎవరూ తలుచుకోలేదు.

నాన్న పోయాక సంఘం ఇల్లు ఖాళీ చేయడానికి మాకు మూడు నెలల గడువిచ్చారు. సామాను సర్దుతుంటే బాప్తిస్మాల, పెళ్ళిళ్ళ రిజిస్టర్లు బయటపడ్డాయి. పుటల నిండా అమ్మ చేతిరాత, కింద నాన్న సంతకం. నేను వాటిని మా సామానులో పెట్టబోయాను. అమ్మ ఆపింది.

"అవి మనవి కావే. కొత్తగా వచ్చే అమ్మగారికి పనికొస్తాయి, చెదలు పట్టకుండా గుడ్డలో చుట్టి పెట్టు."