రేకు, సెగ, అచ్చు: కృష్ణాతీరంలో విస్తరి నుంచి ప్లాస్టిక్ పళ్లెం వరకు

1. ఉపోద్ఘాతం

విజయవాడ పశ్చిమభాగంలో కృష్ణానదిని ఆనుకొని ఉన్న ప్రాంతం భవానీపురం. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగిన కృష్ణాపుష్కరాలలో ఇక్కడి పున్నమి, భవానీ ఘాట్లు యాత్రికుల స్నానస్థలాలు. యాత్ర ఉన్నచోట అన్నదానం ఉంటుంది. అన్నదానం ఉన్నచోట ఒక్కసారి వాడి పారవేసే పళ్లెం ఉంటుంది. అది ఒకప్పుడు ఆకు, తరువాత ప్లాస్టిక్, నేడు మళ్లీ ఆకు లేదా కాగితం. ఈ మార్పును సాధారణంగా పదార్థాల చరిత్రగా చెబుతుంటారు. పలుచని రేకుకు వేడితో ఆకారమిచ్చే ప్రక్రియ దృష్టితో దీనిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. యంత్రానికి ముందు

ప్రయాణానికి అన్నం కట్టేటప్పుడు అరటాకును నిప్పుసెగకు చూపి వాడ్చడం డెల్టా ఇళ్లలో తెలిసిన పనే. సెగకు ఆకుమీది మైనం కరిగి నిగనిగలాడుతుంది. ఆకు చీలకుండా మడతపడుతుంది. అయితే చల్లారిన తరువాత ఆ మడత తనంతట తాను నిలవదు, నారతో కట్టాలి. అడ్డాకు, మోదుగాకు విస్తళ్లకూ ఆకారాన్ని ఇచ్చేది పుల్లల కుట్టే.

కొమ్ము, తాబేటిచిప్పల స్వభావం వేరు. వేడికి మెత్తబడినప్పుడు అచ్చులో నొక్కి చల్లారిస్తే అవి ఆ ఆకారాన్నే నిలుపుకుంటాయి. 18, 19 శతాబ్దాలలో ఐరోపావారు కోరి కొన్న విశాఖపట్నం పెట్టెలలో దంతంతోపాటు ఇవీ కనిపిస్తాయి. అమెరికాలో హయత్ సోదరులు 1870లో పేటెంటు పొందిన సెల్యులాయిడ్, దంతానికీ తాబేటిచిప్పకూ ప్రత్యామ్నాయంగా దువ్వెనలు, బొమ్మల తయారీలోకి వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాల పారదర్శకమైన కప్పులను యాక్రిలిక్ రేకులను వేడిచేసి మలిచారు. భోజనపు పళ్లెం ఈ క్రమంలో తరువాతి మెట్టు.

3. యంత్రంలో రేకు

థర్మోఫార్మింగ్‌లో రేకును చట్రంలో బిగించి హీటర్ల కింద ఉంచుతారు. పాలీస్టైరీన్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద బిరుసుదనం కోల్పోవడం మొదలవుతుంది. అచ్చువేయడానికి అంతకన్న ఎక్కువ వేడి కావాలి. వేడెక్కిన రేకు నడుమ కిందికి జారుతుంది. దానిని అచ్చుమీదికి చేర్చి, అచ్చు రంధ్రాల గుండా గాలి లాగితే రేకు అచ్చుకు అంటుకుంటుంది. చల్లారాక అంచులు కత్తిరిస్తారు. రేకు సాగినకొద్దీ పలచబడుతుంది కనుక లోతైన గ్లాసుకు మూలలే బలహీనస్థానాలు.

కత్తిరించిన అంచులను మళ్లీ కరిగించి రేకుగా మార్చవచ్చు. కాని అన్నం, కూర అంటిన ఎంగిలి పళ్లెం యంత్రశాలకు తిరిగిరావడం అరుదు. ఆకు విస్తరి పెంటకుప్పలో కుళ్లి మట్టిలో కలుస్తుంది. ప్లాస్టిక్ పళ్లెం అలా కలవదు. తినేవాడి అలవాటు మారలేదు, పారవేసిన వస్తువు ఆయువు మారింది.

4. నిషేధం, తరువాత

2021 ఆగస్టు 12న కేంద్రం ప్రకటించిన సవరణ నియమాల ప్రకారం ప్లాస్టిక్ పళ్లాలు, కప్పులు, గ్లాసులు, ట్రేలు వంటి ఒక్కసారి వాడే వస్తువులపై 2022 జూలై 1 నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. నిషేధం వస్తువుకూ పదార్థానికీ వర్తించింది. ప్రక్రియ మాత్రం కొనసాగింది. నానబెట్టిన పోకమట్టను వేడి డైలో నొక్కితే పళ్లెమవుతుంది. కాగితపు పళ్లెమూ వేడి డైలోనే రూపొందుతుంది. చాలావాటిలో కాగితంమీద పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. 'కాగితం' అనే పేరు ఆ పొరను కప్పిపుచ్చుతుంది.

ఈ పోటీలో జీవనోపాధి కూడా ముడిపడి ఉంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఏజెన్సీ గిరిజనుల నుంచి కొనే అటవీఫలసాయాలలో అడ్డాకు ఒకటి. డెల్టాలోని విందులో విస్తరి స్థానాన్ని మరొక పళ్లెం ఆక్రమిస్తే ఆ నష్టం కొండమీది ఇంటికి చేరుతుంది.

5. ముగింపు

1968లో మద్రాసులో మొదలైన సిపెట్‌కు నేడు విజయవాడ సమీపంలోని సూరంపల్లిలో శిక్షణకేంద్రం ఉంది. సెగ చూపడం, వాడ్చడం, అచ్చువేయడం అనే క్రియలు తెలుగులో ఎప్పటినుంచో ఉన్నాయి. వంటింటి మాటకూ యంత్రశాల పనికీ ఉన్న ఈ బంధుత్వాన్ని గుర్తిస్తే ప్లాస్టిక్ ప్రక్రియను తెలుగులో బోధించడం సులభమవుతుంది. అలాగే పళ్లెం చరిత్రను దాని తయారీ దగ్గరే ఆపకూడదు. పారవేసిన తరువాతి దశనూ అందులో చేర్చినప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.