పాత స్పోర్ట్స్ కారుకు హై-ఫ్లో క్యాటలిటిక్ కన్వర్టర్ ఎంపిక: బెజ్జంకి ప్రాంతం నేపథ్యంగా చారిత్రక పరిశీలన

ప్రవేశిక

రాజీవ్ రహదారి మీద హైదరాబాదు నుంచి కరీంనగర్ వైపు సాగేవారికి సిద్దిపేట దాటిన తరువాత బెజ్జంకి క్రాస్ రోడ్డు వస్తుంది. లక్ష్మీనరసింహస్వామి క్షేత్రంగా పేరున్న బెజ్జంకి 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో కరీంనగర్ నుంచి సిద్దిపేట జిల్లాలోకి చేరింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇక్కడి వాహనాలకు ఏపీ 15, రాష్ట్ర విభజన తరువాత టీఎస్ 02, కొత్త జిల్లా వచ్చాక టీఎస్ 36 అన్న సంకేతాలు వచ్చాయి. ఈ అక్షరాలను, అంకెలను పరిపాలనా చరిత్రకు ఆనవాళ్లుగా చదవడం పరిపాటి. నిజానికి ఇవి ఉద్గార ప్రమాణాల చరిత్రకు కూడా ఆనవాళ్లే. ఒకే నమూనా కారు, ఒకే సంవత్సరంలో, హైదరాబాదులో రిజిస్టరైతే ఒక ప్రమాణానికి, బెజ్జంకి చిరునామాతో రిజిస్టరైతే మరొక ప్రమాణానికి లోబడిన కాలం ఒకటి ఉంది. పాత స్పోర్ట్స్ కారుకు హై-ఫ్లో కన్వర్టర్ ఎంచుకోవడం సాంకేతిక సమస్యగానే కనిపిస్తుంది. అయితే దానికి సమాధానం వెతికేవారు ఈ చరిత్రను పక్కన పెట్టలేరు.

కన్వర్టర్ కారు వేగాన్ని చంపేస్తుందన్న నమ్మకం వాహనప్రియులలో బలంగా ఉంది. ఆ నమ్మకం ఎక్కడ పుట్టింది, నేటికీ ఎంతవరకు నిలుస్తుంది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

పందెపు కార్ల నుంచి పుట్టిన పరికరం

క్యాటలిటిక్ కన్వర్టరుకు ఆద్యుడు వేగానికి శత్రువు కాడు. ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హౌడ్రీ (1892–1962) స్వయంగా బుగాటీ కార్లు నడిపిన పందెపు రసికుడు. మేలైన ఇంధనం కోసం సాగిన అన్వేషణే ఆయనను ఉత్ప్రేరక రసాయనశాస్త్రం వైపు నడిపించింది. ముడిచమురును ఉత్ప్రేరకంతో విడగొట్టి పెట్రోలు తీసే పద్ధతితో ఖ్యాతి పొందిన తరువాత, 1950లలో వాహనాల పొగను శుద్ధిచేసే పరికరాన్ని ఆయన రూపొందించాడు. అది వాడుకలోకి రాలేదు. కారణం సీసం. 1921లో థామస్ మిడ్జ్‌లీ ఇంధన సంకలితంగా పనికొస్తుందని గుర్తించిన టెట్రాఇథైల్ లెడ్ అప్పటికే పెట్రోలులో విడదీయరాని భాగమైంది. సీసం ఉత్ప్రేరకపు ఉపరితలం మీద పేరుకొని దానిని నిర్వీర్యం చేస్తుంది. ఇంజినుకు ఔషధమనుకున్నది కన్వర్టరుకు విషమైంది.

1970 నాటి అమెరికా స్వచ్ఛ వాయు చట్టం ఈ చిక్కుముడిని విప్పింది. 1974లో సీసరహిత పెట్రోలు అక్కడి బంకులలోకి రాగా, 1975 నమూనా కార్లకు కన్వర్టర్లు అమరాయి. స్పోర్ట్స్ కార్ల అభిమానుల ఆగ్రహానికి మూలం సరిగ్గా ఇక్కడే ఉంది. 1975 షెవర్లే కార్వెట్టులో రెండు వైపుల నుంచి వచ్చే పొగ గొట్టాలను కలిపి ఒకే కన్వర్టరులోకి మళ్లించారు. దాని లోపల ఉన్నది పూత పూసిన చిన్న గుళికల రాశి. ఆ గుళికల సందుల గుండా పొగ ఈదుకుంటూ పోవాలి. ఆ ఏడాది కార్వెట్టు ప్రాథమిక ఇంజిను సామర్థ్యం 165 అశ్వశక్తికి పడిపోయింది. ఆ పతనంలో తగ్గించిన సంపీడన నిష్పత్తికి, ఇతర సర్దుబాట్లకు కూడా వాటా ఉంది. అయినా నింద మొత్తం కన్వర్టరే మోసింది.

గుళికల రాశికి బదులుగా కార్నింగ్ సంస్థ శాస్త్రవేత్తలు 1970ల ఆరంభంలోనే తేనెతుట్టె ఆకారపు పింగాణీ దిమ్మెను తయారుచేశారు. పొగ సన్నని నిలువు గదుల గుండా నేరుగా సాగిపోతుంది. జాన్ మూనీ, కార్ల్ కీత్ ఎంగెల్‌హార్డ్ సంస్థలో రూపొందించిన త్రిముఖ ఉత్ప్రేరకం కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడులు మూడింటినీ ఏకకాలంలో తగ్గించింది. అయితే అది పనిచేయాలంటే గాలి, పెట్రోలు బరువు నిష్పత్తి 14.7:1కి అతి సమీపంలో ఉండాలి. ఆ అదుపును బాష్ ఆక్సిజన్ సెన్సరు సాధ్యం చేసింది. 1970ల రెండో సగంలో వోల్వో కార్లలో అది అమల్లోకి వచ్చింది.

భారతదేశం: రెండు పెట్రోళ్ల కాలం

ఉత్ప్రేరక శాస్త్రం తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. 1944లో హైదరాబాదు సంస్థానంలో మొదలైన పరిశోధనాలయమే నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. ఉత్ప్రేరకాలు దాని ప్రధాన పరిశోధనారంగాలలో ఒకటి. కాని వాహనం కింద ఉత్ప్రేరకం రావడానికి సుప్రీంకోర్టులో ఎం.సి. మెహతా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం దాకా ఆగవలసి వచ్చింది. 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు నగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరైంది. సీసరహిత పెట్రోలు కూడా అక్కడే మొదలైంది. దేశమంతటికీ సీసరహిత పెట్రోలు అందింది 2000 ఫిబ్రవరి 1 నాటికి.

ఈ రెండు తేదీల మధ్య ఉన్న దాదాపు అయిదేళ్లు చరిత్రకారుల దృష్టికి అంతగా రాలేదు. మద్రాసులో కొన్న కన్వర్టరు కారు సీసం కలిసిన పెట్రోలే దొరికే ఊళ్లకు వచ్చిందనుకుంటే, కొన్ని ట్యాంకుల ఇంధనంతోనే దాని ఉత్ప్రేరకం క్షీణించే ప్రమాదం ఉండేది. చచ్చిన కన్వర్టరు పొగను శుద్ధిచేయదు, గొట్టంలో మాత్రం అడ్డుగా ఉంటుంది. దానిని కోయించి లోపలి దిమ్మెను రాలగొట్టించడం తెలివైన పనిగా చలామణీ కావడానికి ఈ నేపథ్యం దోహదం చేసిందని భావించవచ్చు. భాష కూడా కొంత సాయపడింది. తెలంగాణ మెకానిక్కుల వాడుకలో ఇంజిను నుంచి వెనుక బంపరు దాకా ఉన్నదంతా ‘సైలెన్సరే’. పేరే లేని భాగాన్ని తీసేస్తే ఏదో పోయిందన్న స్పృహ కలగదు.

ఆ తరువాత మాషేల్కర్ కమిటీ 2002లో ఇచ్చిన ఇంధన విధాన నివేదిక నగరాలకు, మిగిలిన దేశానికి వేర్వేరు గడువులు పెట్టింది. భారత్ స్టేజ్ 2 హైదరాబాదుకు 2003లో వస్తే, జిల్లాలకు 2005లో వచ్చింది. 2010లో హైదరాబాదు స్టేజ్ 4కు మారింది. బెజ్జంకి వంటి మండలాలు 2017 ఏప్రిల్ దాకా స్టేజ్ 3లోనే ఉండిపోయాయి. స్టేజ్ 3లో పెట్రోలు కారుకు కిలోమీటరుకు 2.3 గ్రాముల కార్బన్ మోనాక్సైడు అనుమతి, స్టేజ్ 4లో 1.0 గ్రాము. ఇంధనంలో గంధకం 150 నుంచి 50 పీపీఎంకు తగ్గింది. గంధకం సీసమంత విషం కాకున్నా ఉత్ప్రేరకాన్ని మందగింపజేస్తుంది. రాజధానికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న పల్లెకు ఏడేళ్ల పాటు నాసి ఇంధనం, నాసి ప్రమాణం సరిపోతాయని విధానమే నిర్ణయించింది. శుద్ధి కర్మాగారాల పెట్టుబడి దృష్ట్యా దీనికి సమర్థన ఉండవచ్చు గాని, రహదారి పక్కన నివసించేవారికి ఆ సమర్థన ఊరట కాదు.

ఎంపికలోని అంశాలు

పై చరిత్ర వెలుగులో ‘హై-ఫ్లో’ అన్న మాటను పరీక్షించాలి. దిమ్మెలో చదరపు అంగుళానికి ఎన్ని గదులు, గోడ మందం ఎంత అన్న రెండు కొలతలే ప్రవాహాన్ని ప్రధానంగా నిర్ణయిస్తాయి. సాధారణ పింగాణీ దిమ్మెలో 400 గదులు ఉంటాయి. హై-ఫ్లో పేరుతో అమ్మేవాటిలో 200 లేదా 300 ఉండడం కద్దు. గదులు తగ్గితే దారి విశాలమవుతుంది, పొగ తాకే ఉపరితలం తగ్గుతుంది. సన్నని లోహపు రేకుతో చుట్టిన దిమ్మెలో గోడలు పలుచన కనుక 400 గదులతోనే ధారాళమైన ప్రవాహం సాధ్యం. అందుచేత గదుల సంఖ్యను మాత్రమే చూసి కొనడం సరికాదు. ప్లాటినం, పెల్లాడియం, రోడియం పూత ఎంత ఉందో చెప్పని చవక సరుకు తొలి ఏడాది బాగానే పనిచేసి తరువాత ఉత్త గొట్టంగా మిగిలే అవకాశం ఉంది.

అంతకన్నా ముఖ్యమైనది ఇంజిను స్వభావం. ఆక్సిజన్ సెన్సరు, ఇంజెక్షన్ ఉన్న కారుకు త్రిముఖ ఉత్ప్రేరకం న్యాయం చేస్తుంది. కార్బురేటరు కారులో మిశ్రమం స్థిరంగా ఉండదు. పెట్రోలు ఎక్కువైతే నైట్రోజన్ ఆక్సైడులు తగ్గినా కార్బన్ మోనాక్సైడు మిగిలిపోతుంది, తక్కువైతే అందుకు విరుద్ధం. ప్లగ్గు సరిగా మండక పచ్చి పెట్రోలు కన్వర్టరులోకి చేరితే అక్కడే మండి దిమ్మె కరుగుతుంది. కనుక అటువంటి కారు యజమాని ముందు ఖర్చు పెట్టవలసింది కార్బురేటరు, జ్వలనం మీద. పొగ వెనుక ఒత్తిడిని మీటరుతో కొలిపించకుండా కన్వర్టరును దోషిగా నిలబెట్టడం 1975 నాటి నిందను పునరావృతం చేయడమే. అడ్డు తరచు నలిగిన గొట్టంలోనో, తుప్పుపట్టిన సైలెన్సరు లోపలి పలకలలోనో ఉంటుంది. కొత్త దిమ్మెను ఇంజినుకు దూరంగా అమరిస్తే అది రాజుకోవడానికి కావలసిన సుమారు 250–300 డిగ్రీల వేడి ఆలస్యంగా అందుతుంది. చిన్న ప్రయాణాలలో అసలు అందకపోవచ్చు.

చట్టం మాటకొస్తే, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు దానిని గట్టిపరచింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటి మూలరూపంలో ఉన్న వాహనాలకే వర్తిస్తాయి గనుక 1990ల స్పోర్ట్స్ కారు వాటి నీడకు రాదు. ఇక పొగ పరీక్ష. స్టేజ్ 2కు ముందటి నాలుగు చక్రాల పెట్రోలు వాహనానికి నిలిచి ఉన్న స్థితిలో 3 శాతం కార్బన్ మోనాక్సైడు దాకా అనుమతి. స్టేజ్ 2, స్టేజ్ 3 వాటికి 0.5 శాతం. అంటే 1999లో కన్వర్టరుతోనే తయారైన కారు, దానిని పీకేసిన తరువాత కూడా చక్కగా సర్దిన ఇంజినుతో 3 శాతం గీత లోపల నిలిచి ధ్రువపత్రం పొందగలదు. నైట్రోజన్ ఆక్సైడులను ఆ పరీక్ష కొలవనే కొలవదు. ఉత్త గొట్టానికి, నాసి హై-ఫ్లో దిమ్మెకు, మేలైన లోహపు దిమ్మెకు మధ్య ఉన్న తేడా ధ్రువపత్రం మీద కనిపించదు. ఏపీ 15 సంఖ్యతో క్రాస్ రోడ్డు దగ్గర ఆగిన కారు వెనుక నిలుచున్నవారి ఊపిరికి మాత్రమే అది తెలుస్తుంది.