ఆడిట్ అనఁగా వినుట

ఇంగ్లీషు వ్యాపారభాషనుండి తెలుఁగులోనికి వచ్చిన క్రియలలో "ఆడిట్ చేయుట" యొకటి. ఉప్పలు, నాచారము పారిశ్రామికవాడలలోని కర్మాగారపు గుమాస్తా మొదలుకొని పల్లెలోని సహకారసంఘపు కార్యదర్శి వఱకు నీ మాట నెఱుఁగనివా రరుదు. పుస్తకములు తెఱచి, రసీదులతో సరిపోల్చి, తుదను సంతకము చేయుటయే దీని యర్థమని మనము తలఁచుచున్నాము. కాని యీ మాటకు మూలము చూపు గాదు, వినికిడి. లాటినుభాషలో "ఆడిరె" యనఁగా వినుట. శ్రోతలకు ఆడియన్సు అనియు, వారు కూర్చుండు మందిరమునకు ఆడిటోరియము అనియు పేరులు వచ్చినది యీ ధాతువునుండియే. కాఁబట్టి ఆడిటరనఁగా వినువాఁడు.

లెక్కలను వినుట యేమని చదువరులు శంకింపవచ్చును. మధ్యయుగమున ఇంగ్లండులో ప్రభువుల భూములను గనిపెట్టుచుండిన గ్రామోద్యోగులలో ననేకులకు చదువు రాదు. గంట్లు పెట్టిన కఱ్ఱముక్కలే వారికి ఖాతాపుస్తకములు. ప్రభువు పంపినవారు వచ్చి కూర్చుండఁగా, వచ్చినదెంత, పోయినదెంత, నిలిచినదెంత యని యుద్యోగి నోటఁ జెప్పవలెను. వారది విని ప్రశ్నింపవలెను. ఈ పరీక్షకే 15వ శతాబ్దినాఁటి యింగ్లీషున ఆడిట్ అను పేరు స్థిరపడెను. తరువాత లెక్క వ్రాఁతలోనికి మాఱెను. పేరు మాత్రము మాఱలేదు.

ఇది పరదేశపు వింత గాదు. ఆషాఢమాసమున అధ్యక్షులు ముద్రవేసిన పుస్తకములతో రావలెననియు, వారు తమలోఁ దాము మాటాడుకొనకుండఁ జేయవలెననియు, ఆదాయ వ్యయ శేషముల మొత్తములను విన్న పిమ్మటనే శేషధనమును స్వీకరింపవలెననియు కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. మన తెలుఁగుమాట మఱింత విశదము. "లెక్క ఒప్పజెప్పుట" యందుము. బడిలో బాలుఁడు పాఠము నొప్పజెప్పునట్టిదే యిదియు. చెప్పువాఁ డొకఁడు, విని యొప్పుకొనువాఁ డొకఁడు. ఇద్దఱును లేక యీ క్రియ నడవదు.

మన దేశమున 1860లో తొలి ఆడిటరు జనరలు నియమింపఁబడెను. 1949లో చార్టర్డు అకౌంటెంట్ల సంస్థ చట్టముచే నేర్పడెను. విద్య పెరిఁగెను, నియమములు పెరిఁగెను. కాని వినువాఁ డెవఁడను ప్రశ్న పల్లెలో నట్లే నిలిచెను. కరణము వ్రాసిన లెక్కలను జమాబందీలో దొర వినెను, తహసీల్దారు వినెను. శిస్తు కట్టిన రైతునకు పెక్కుచోట్ల నా పుస్తకము మూసిన పెట్టెయే. ఆంధ్రప్రదేశమున 1984లో కరణీకము రద్దయ్యెను. అయినను వ్రాయువానికిని, ఎవరినిగూర్చి వ్రాయుదురో వారికిని నడుమనున్న యెడము రద్దు కాలేదు.

వ్రాఁతను నమ్మి చెవి మూసికొనినచో నగరములకును రక్ష లేదు. ఆడిటరు కావలికుక్కయే కాని దొంగలను వెంటాడు వేఁటకుక్క గాదని 1896లో ఇంగ్లండునందలి న్యాయస్థాన మొకటి తీర్పు చెప్పెను. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ లెక్కలపై ఏఁటేఁట సంతకములు పడుచునే యుండెను. 2009 జనవరి 7వ తేదీని దాని యధ్యక్షుఁడే, పుస్తకములలోఁ జూపిన నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని లేఖ వ్రాసెను. కాగితము కాగితముతో సరిపోవుట నిజమునకు చాలదని దీనివలన తెలియుచున్నది.

అంతకుముందే మఱియొక త్రోవ యేర్పడియుండెను. రాజస్థానమున మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను శ్రామికసంఘము 1994లో పల్లెపనుల లెక్కలను ప్రజలయెదుట బిగ్గరగాఁ జదివింపసాగెను. ఆ సభలకు "జన సున్వాయీ" యని పేరు. అనఁగా జనులు వినుట. లాటినుతోఁ బనిలేకయే వారా క్రియయొక్క మూలార్థమును జేరుకొనిరి. 2005నాఁటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము తన 17వ విభాగమున సామాజిక తనిఖీని గ్రామసభకు విధిగాఁ జేసినది. ఆ పథకము 2006 ఫిబ్రవరిలో అనంతపురముజిల్లా బండ్లపల్లిలోఁ బ్రారంభమయ్యెను. ఆ యేఁటనే ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీయు మొదలయ్యెను. 2009లో దానికై ప్రత్యేకసంస్థ యేర్పడెను.

కూలికుటుంబముల యువతీయువకులు శిక్షణపొంది, మస్టరు పట్టీలను జేతఁబట్టుకొని యింటింటికిఁ బోయి చదివిరి. నీ పేర నిన్ని దినములు, ఇంత కూలి వ్రాసియున్నది, నిజమేనా యని యడిగిరి. అక్షరము రానివారు సైతము తాము పనిచేయని దినమును, తమకు ముట్టని కూలిని జెప్పఁగలిగిరి. పిదప మండలసభలో అధికారులయెదుట ఆ సంగతులు మరలఁ జదువఁబడెను. పోయిన సొమ్మంతయు తిరిగి రాలేదు; దండనయు నందఱకుఁ దగులలేదు. ఐనను లెక్క యెవరిదో వారి చెవినిఁ బడినది.

మనకుఁ గావలసిన సంస్కార మిదియే. కర్మాగారములో గుత్తేదారుక్రింది కూలి తన భవిష్యనిధికిఁ గోసిన సొమ్మెంతయో వినుటకు హక్కు గలవాఁడు. దేవాలయసంఘమునకు చందా యిచ్చినవాఁడును, సహకారసంఘమున వాటా గొన్న స్త్రీయు నట్టివారే. ఆడిటరు సంతకము చాలునని కార్యదర్శి యనవచ్చును. సంతకము వలదని యెవరు ననుట లేదు. దానికి ముందొకమాఱు లెక్కను సభలో, అందఱకుఁ దెలియు తెలుఁగున, పైకిఁ జదువుఁడని మాత్రమే కోరవలెను. అరగంట పట్టును. విన్నవారిలో నొక్కరు "ఇది సరిగాదు" అని లేవఁగలిగిననాఁడు ఆడిట్ జరిగినదని చెప్పుకొనవచ్చును.