చిక్కబళ్ళాపురం మిషను: అక్షరంలో మిగిలిన చరిత్ర

కాలిఫోర్నియా తీరాన ప్రభుత్వ అండతో 1769 నుంచి 1823 వరకు 21 మిషన్లు వెలిశాయి. ప్రతి మిషనుకూ పొలాలు, పశువులు, దాపున సైనికులు ఉండేవారు. వాటి కట్టడాలు కొన్ని నేటికీ చూడవచ్చు. చందాపుర నుంచి ఉత్తరంగా బెంగళూరు దాటి వెళ్తే వచ్చే చిక్కబళ్ళాపురంలో అంతకు ముందే ఒక మిషను పనిచేసింది. దాని ఆనవాళ్ళను మేము కట్టడాలలో కాక కాగితాలలో వెదకవలసి వచ్చింది.

1688లో సయాం నుంచి వెళ్ళగొట్టబడిన ఫ్రెంచి జెసూట్లు పుదుచ్చేరి చేరి, 18వ శతాబ్ది ఆరంభంలో 'కర్ణాటక మిషను' నెలకొల్పారు. పుంగనూరు, కృష్ణాపురం, చిక్కబళ్ళాపురం, వెంకటగిరి దాని నెలవులు. ఇక్కడ వారికి రాజ్యం లేదు, సైన్యం లేదు. ఆవతి వంశపు వారి వంటి పాళెగాండ్ల దయ మీదనే మనుగడ. మధురలో 1606లో రాబర్ట్ డి నొబిలి తొక్కిన బాటనే వీరూ పట్టారు. సన్న్యాసుల వేషం వేసి, మాంసం మాని, జనభాషలో బోధించారు. ఆ భాష తెలుగు. ఆయుధబలం లేనివారికి భాషాబలం తప్పనిసరి అయింది.

ఫలితం మనకు ముఖ్యం. 1726లో వచ్చిన కాల్మెత్ పాదిరి తెలుగును, సంస్కృతాన్ని అభ్యసించి, పారిస్ రాజగ్రంథాలయానికి వేదప్రతులు సంపాదించి పంపాడు. అందులో ఋగ్వేదప్రతి తెలుగు లిపిలో ఉంది. 1732లో వచ్చిన కూర్దూ పాదిరి తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదాలతో నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికి లాటిన్, గ్రీకులతో గల చుట్టరికాన్ని 1767లో పారిస్ పండితులకు వ్రాశాడు. అది 1808 దాకా అచ్చు కాలేదు. ఈలోగా 1786లో విలియం జోన్స్ చెప్పిన మాటకే ప్రఖ్యాతి దక్కింది.

1773లో పోపు జెసూట్ సంఘాన్ని రద్దు చేయగా, 1776లో పారిస్ విదేశీ మిషన్ల సంఘం ఆ బాధ్యత స్వీకరించింది. జెసూట్ల లేఖలు ఫ్రెంచి సంపుటాలలో అచ్చయ్యాయి. వాటిలో తెలుగు పల్లెలు, పాళెగాండ్లు, కరవులు, కులవివాదాలు కనబడతాయి. అయితే వ్రాసినవారు మతప్రచారకులు. తమ విజయాన్ని పెంచి, ఎదుటివారి ఆచారాన్ని తగ్గించి చెప్పడం వారికి సహజం. కనుక ఆ లేఖలను స్థానిక శాసనాలతో, కైఫియతులతో సరిచూడక నమ్మరాదు.

ఆనేకల్, హోసూరు, చిక్కబళ్ళాపురం ప్రాంతాల్లో తెలుగు నేటికీ ఇంటిభాష. ఆ ఇళ్ళ పిల్లలు చదివే చరిత్రలో తమ ఊళ్ళ తెలుగుకు చోటు దొరకాలంటే, ఈ లేఖలు తెలుగులోకి రావాలి. ఫ్రెంచి, తెలుగు రెండూ చదవగల పరిశోధకులు దీనికి పూనుకోవాలని మేము కోరుతున్నాము.