ఇంటి అమ్మకంలోకి దళారి ఎలా వచ్చాడు?

సొంత ఇంటిని మధ్యవర్తి లేకుండా అమ్ముకోవడం ఇంటర్నెట్ ఇచ్చిన వరమని తరచూ రాస్తున్నారు. 2005లో 99ఏకర్స్, మరుసటి ఏడాది మ్యాజిక్‌బ్రిక్స్, 2014లో బెంగళూరులో నోబ్రోకర్ వచ్చాయని వరుసగా చెప్పి, అంతకుముందు ఇల్లు అమ్ముకునేవాడికి బ్రోకరే దిక్కని తేల్చేస్తారు. మన ప్రాంతపు చరిత్ర దీనికి ఒప్పుకోదు. తెలుగు ఊళ్లలో ఇంటిని యజమానే అమ్ముకోవడం పాత పద్ధతి. కమిషన్ బ్రోకరే తర్వాత వచ్చినవాడు. అతను ఎందుకు రావలసి వచ్చిందో చూడాలి.

తొలి దశలు అందరికీ తెలిసినవే. ఇల్లు అమ్మకానికి వస్తే ముందు దాయాదులకు, ఇరుగుపొరుగుకు తెలిసేది. పెద్దమనుషుల ముందు ధర తెగేది, బయానా చేతులు మారేది, నాలుగు దిక్కుల హద్దులు చెప్పి కాగితం రాసుకునేవారు. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు దస్తావేజు ఉండాలన్నది 1882 ఆస్తి బదిలీ చట్టం. ఆ నమోదు ఎలా జరగాలో 1908 రిజిస్ట్రేషన్ చట్టం స్థిరపరిచింది. అమ్మేవాడు, కొనేవాడు, వాళ్లను గుర్తుపట్టే సాక్షులు ఉంటే పని జరుగుతుంది.

కానీ ఆ చట్టాల్లోనే ఒక ఖాళీ మిగిలిపోయింది. సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజునే. అమ్మేవాడికి ఆ ఇంటిపై హక్కు ఉందో లేదో తేల్చడం ఆయన పని కాదు. తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో 2025లో సుప్రీంకోర్టు ఈ మాటే మళ్లీ చెప్పింది. ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. అన్నదమ్ముల నోటిమాట పంపకం, రిజిస్టరు కాని వీలునామా అందులోకి ఎక్కవు.

ఈ ఖాళీలోకి దళారి వచ్చి కూర్చున్నది 1976కూ 1998కీ మధ్యనని నా అభిప్రాయం. నగరాలు పెరిగాయి, ఒకరికొకరు తెలియని జనం చేరారు, అందుకే బ్రోకరు పుట్టాడని మామూలుగా చెబుతారు. అందులో నిజం ఉంది గానీ అది చాలదు. కొనేవాణ్ని వెతకడానికి పత్రికలో చిన్న ప్రకటన సరిపోయేది. దొరకనిది కాగితాల మీద నమ్మకం. 1976లో పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. నేరుగా రిజిస్ట్రేషన్ కుదరనిచోట అమ్మకపు అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కలిసి సేల్‌డీడ్ స్థానాన్ని ఆక్రమించాయి. అనుమతి లేని లేఅవుట్లు దీనికి తోడయ్యాయి. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఊరి భూమి లెక్కలు చూసే కరణాల వ్యవస్థను రద్దు చేసింది. కరణాల పెత్తనం తెలిసినవారెవరూ ఆ రద్దును తప్పుపట్టరు, నేనూ పట్టను. అయితే గ్రామకంఠంలోని, అంటే ఊరి నివాస స్థలంలోని ఇళ్లకు విడివిడిగా సర్వే నంబర్లు లేవు. ఏ ఇల్లు ఎవరిదో కరణానికీ ఊరి పెద్దలకే తెలుసు. ఆ తెలిసినదాన్ని రికార్డుకు ఎక్కించకుండానే కరణాన్ని పంపేశారు. దీనికితోడు దస్తావేజులో రాసే విలువ ఒకటి, చేతులు మారే డబ్బు మరొకటి. రాయని ఆ సొమ్ముకు ఎవరో ఒకరు పూచీ ఉండాలి. ఈ పనులన్నీ దళారి నెత్తిన వేసుకున్నాడు. ఇల్లు చూపించడం వాటిలో చిన్నది.

1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ పేరిట కంప్యూటరీకరణ మొదలైంది. ఈసీ నిమిషాల్లో వస్తుందని, దళారుల అవసరం తీరుతుందని చెప్పారు. ఈసీ త్వరగా రావడం నిజంగా పెద్ద మేలు, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో జొనాథన్ కేస్లీ ఈ సంస్కరణను పైపూతగా తేల్చారు. డాక్యుమెంట్ రైటర్లు కార్యాలయానికీ జనానికీ మధ్య కొనసాగుతున్నారని చూపారు. ఆయన దృష్టి అవినీతి మీద. నాకు అంతకంటే లోతైన కారణం కనిపిస్తుంది. కంప్యూటరు పాత కాగితాన్నే వేగంగా ఇచ్చింది, హక్కు ఎవరిదో అదీ చెప్పలేదు.

తర్వాతి మార్పుల్లో కొన్ని మంచివే. జీపీఏ అమ్మకాలతో యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. 2020లో మొదలైన స్వామిత్వ పథకం గ్రామకంఠం ఇళ్లను కొలిచి కార్డులిచ్చే పని పెట్టుకుంది. ఈ వరుసలో ఇదే అసలైన అడుగు. 2016 రెరా చట్టం ఏజెంట్లు నమోదు కావాలంది గానీ, అది రెరా కింద నమోదైన ప్రాజెక్టుల అమ్మకాలకే. పాత ఇల్లు అమ్మిపెట్టే బ్రోకరు దాని పరిధిలోకి రాడు. వెబ్‌సైట్లు కొనేవాళ్లను చూపిస్తాయి. అది మొదటినుంచీ తేలికైన పనే. కష్టమైన పని ఇంకా అమ్మేవాడి మీదే ఉంది.

కాబట్టి ఇంటిని స్వయంగా అమ్ముకోదలచినవారు ప్రకటన కంటే ముందు కాగితాలు చూసుకోండి. లింకు డాక్యుమెంట్లన్నీ వరుసగా పెట్టుకోండి, ముప్పై ఏళ్ల ఈసీ తీయించండి, ఇంటిపన్ను రసీదులోని పేరు, ప్లాను, హద్దులు దస్తావేజుతో సరిపోతున్నాయో లేదో పోల్చుకోండి. లోపం ఉంటే దాచకండి. కొనేవాడికి తెలియని హక్కు లోపాన్ని చెప్పే బాధ్యత 1882 చట్టమే అమ్మేవాడి మీద పెట్టింది.