గాలి రాతను చదివిన గ్రీలీ

జర మంట దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. ఆ ఫిర్కీలు అవుతల పెట్టుండ్రి, నిప్పురవ్వ పడితే మాంజా అంత పాడైతది. ఆల్థాన్‌ల ఇన్ని బిల్డింగులు లేచినంక భోగి మంటకు ఇంత జాగ దొరుకుడే గొప్ప. రేపు ఉత్తరాయణమాయె, పొద్దటి సంది మీ నోట ఒకటే మాట, గాలి వస్తదా రాదా అని. ఆ గాలి ముచ్చటే చెప్త. బతుకంత గాలినీ లావానూ చదివిన ఓ మనిషి ఉండె. చదివింది భూమి మీద. దాంతోని చెప్పింది అంగారకుని సంగతి, శుక్రుని సంగతి, తను ఎన్నడూ కాలు పెట్టలేని లోకాల సంగతి. పేరు రోనాల్డ్ గ్రీలీ.

ఆయన దగ్గరికి పోయే ముందు మన రైలు ముచ్చట చెప్పాలె. మేం సిరిసిల్ల దిక్కోళ్లం. మా నాయిన సాంచెల పనికి సూరత్ వచ్చి లింబాయత్‌ల కిరాయికుండె. నేను ఉస్మానియాల జియాలజీ చదివి, ఆయన వెనకనే వచ్చి, ఇక్కడి మున్సిపాలిటీ తెలుగు బడిల సైన్సు పంతులునైన. ఏటేటా ఊరికి పోవుడు, వచ్చుడు. వరంగల్‌ల నవజీవన్ ఎక్కితే నాకు కిటికీ సీటే కావాలె. మన దిక్కు గుట్టలన్ని గ్రానైటు. గుండ్లు గుండ్లుగ, ఒకదాని మీద ఒకటి. బల్లార్ష దాటి, వార్ధా దాటినంక రాయి రంగే మారిపోతది. నల్లగైతది. గుట్టల నెత్తి సదునుగ ఉంటది, పక్కలు మెట్లు మెట్లుగ దిగుతయి. భుసావల్, జల్గావ్, నందుర్బార్, అంతటా అదే నల్ల రాయి.

అది బసాల్టు. 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కింద నేల పగిలి ఆ పగుళ్లల్ల నుంచి లావా పారింది. ఒక్కసారి పారి ఆగలేదు. పారుడు, గట్టిపడుడు, మల్ల దాని మీద ఇంకోటి పారుడు. ఆ మెట్లన్ని గవే పొరలు. అరిగిపోంగ ఇప్పటికి మిగిలిందే 5 లక్షల చదరపు కిలోమీటర్లు ఉంటది. మహాబలేశ్వర్ దిక్కు దాని మందం కిలోమీటరు దాటుతది. ఈ పొరల వరుస తేల్చేదానికి మనోళ్లు మస్తు కష్టపడ్డరు. ఐఐటీ బొంబాయిల కె.వి. సుబ్బారావు అనే ఆయన ఉండె. 1988ల జియోలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా అచ్చేసిన దక్కన్ బసాల్టుల గ్రంథానికి ఆయనే సంపాదకుడు. మీరు పెద్దగై జియాలజీ చదివితే ఆ పుస్తకం మీ చేతికి రాకుండ ఉండది.

ఇప్పుడు పైకి చూడుండ్రి. చందమామ మీద నల్లమచ్చలు కనవడుతున్నయి గదా, అవి కూడ బసాల్టే. అంగారకుని నేల ఎక్కువ భాగం బసాల్టే. శుక్రుని మైదానాలు కూడ అదే తీరు లావా పారి గట్టిపడ్డయే అంటరు. రైలు కిటికీల నుంచి నేను చూసిన రాయి ఇన్ని లోకాల మీద పరుచుకొని ఉన్నదని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ తెలివి ఇచ్చింది గ్రీలీ రాతలే. బరోడల ఓ దోస్తు దగ్గర ఆయన పుస్తకం దొరికింది.

గ్రీలీ 1939ల అమెరికాల ఒహాయో రాష్ట్రం కొలంబస్‌ల పుట్టిండు. మొదలు ఆయన చదువుకు గ్రహాలతోని ఏ సంబంధం లేదు. సముద్రంల బతికిన చిన్న చిన్న జీవాల శిలాజాల మీద 1966ల డాక్టరేటు తీసుకున్నడు. చమురు కంపెనీల నౌకరి. 1967ల సైన్యం డ్యూటీ పడితే, ఆ డ్యూటీ మీదనే కాలిఫోర్నియాల నాసా వాళ్ల ఏమ్స్ కేంద్రానికి తోలిండ్రు. అక్కడ చంద్రుని మీదికి మనుషులను పంపే తయారీ నడుస్తున్నది. ఆ పని మీద కూసున్నోడు మల్ల శిలాజాల దిక్కు తిరిగి పోలేదు. పదేండ్లు ఏమ్స్‌ల, 1977 నుంచి చివరి దాక అరిజోనా స్టేట్ యూనివర్సిటీల.

చంద్రుని మీద హాడ్లీ రిల్ అని వంకరటింకర లోయ ఒకటున్నది. వంద కిలోమీటర్ల పైన పొడవు. 1971 జులైల అపోలో 15 దిగింది దాని అంచునే. దాన్ని ఏది తవ్విందని ఆ రోజులల్ల పెద్ద వాదులాట. నీళ్లే తవ్వినయని కూడ కొందరన్నరు. గ్రీలీ ఏం చేసిండంటే, అమెరికా పడమటి దిక్కు అగ్నిపర్వతాల దగ్గర లావా గుహలల్ల దూరిండు. లావా పారేటప్పుడు మీది పొర చల్లబడి గట్టిపడతది, కింద ఎర్రగ కాగుతున్నది పారుతనే ఉంటది. మూలంల లావా ఆగినంక లోపలిదంత కిందికి జారిపోయి, బోలు గుహ మిగులుతది. దాని కప్పు కూలితే లోయైతది. ఆ గుహలను కొలిచి, గీసి, హాడ్లీ పక్కన పెట్టి చూపించిండు, ఇది లావా పారిన దారి అని.

ఆ ముచ్చట మన గుజరాత్ దాక వచ్చింది. చంద్రయాన్-1 ఫొటోలను అహ్మదాబాద్‌ల స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ వాళ్లు చూసుకుంట పోతే, చంద్రుని మీద కప్పు కూలకుండ మిగిలిన లావా గుహ ఒకటి గుర్తుపట్టిండ్రు. పొడవు దాదాపు 1.7 కిలోమీటర్లు. 2011ల బయటపెట్టిండ్రు. రేపు ఎన్నడన్న మనుషులు అక్కడ ఉండాలంటే ఎండ దెబ్బ, రేడియేషన్, ఉల్కల దెబ్బ తగలకుండ అసొంటి జాగనే పనికొస్తదని వాళ్ల మాట.

ఇగ గాలి. 1971 నవంబర్‌ల మారినర్ 9 నౌక అంగారకుని చుట్టు తిరిగేదానికి చేరింది. చేరంగనే చూస్తే ఏముంది, గ్రహమంత దుమ్ము. నేల కనిపించదు. ఆ దుమ్ముల నాలుగు నల్లచుక్కలు మాత్రం పైకి తేలి ఉన్నయి. వారాలు గడిచి దుమ్ము దిగుతుంటే తెలిసింది, అవి నాలుగు పెద్ద అగ్నిపర్వతాల శిఖరాలని. అండ్ల ఒలింపస్ మాన్స్ ఎత్తు 22 కిలోమీటర్ల దాక ఉంటది. లావా, గాలి, రెండూ ఒక్క చూపుల కనిపించినయి. గ్రీలీకి బతుకంత సరిపోయే పని దొరికింది.

కాని అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. అంగారకుని గాలి మన గాలిల నూరో వంతు బరువు గూడ తూగదు. అంత పలుచటి గాలి దుమ్ము ఎట్ల లేపుతది? కాగితం మీద లెక్క గట్టి చెప్పొచ్చు. గ్రీలీ మాత్రం చేసి చూడాలె అన్నడు. ఏమ్స్‌ల 30 మీటర్ల ఎత్తు గది ఒకటుండె, లోపలి గాలిని గుంజేసి అంగారకునంత పలుచగ చేయొచ్చు. దాంట్ల 13 మీటర్ల పొడవు గాలి సొరంగం పెట్టిచ్చిండు. అయోవా స్టేట్ యూనివర్సిటీల గాలి ఇంజినీరు జేమ్స్ ఐవర్సన్ జత కలిసిండు. ఇసుక పోసుడు, గాలి వదులుడు, ఎంత వేగానికి కదులుతదో చూసుడు. మరి అంగారకుని మీద బరువు తక్కువ గదా, మన ఇసుక బరువెక్కువైతది. దానికి అక్రోటు గుల్లలు పొడి చేసి పోసిండ్రు. రేణువు తేలికైతది, లెక్క దగ్గరికొస్తది. నాకు గ్రీలీ మీద ప్రేమ పుట్టింది ఆ అక్రోటు పొడి కాడనే.

తేలిందేందంటే, మన కాడ ఇసుక లేపే గాలి కంటె అక్కడ దాదాపు పది రెట్లు జోరు గాలి కావాలె. ఇంకో సంగతి వినుండ్రి. మీ నానమ్మ చేట పట్టి చెరిగితే పొట్టు దూరం పోతది, గింజ దగ్గర పడతది. గాలి కూడ నేలను గట్లనే చెరుగుతది. కాని అన్నిటికంటె సన్న దుమ్ము సులువుగ లేస్తదనుకుంటె తప్పు. సన్న దుమ్ము ఒకదానికొకటి అంటుకొని నేలను పట్టుకుంటది. మొదలు కదిలేది ఇసుక, మిల్లీమీటరుల పదో వంతు ఉన్న రేణువు. అది లేచి, దుంకి, పోయి దుమ్ముల గుద్దితే అప్పుడు దుమ్ము లేస్తది. ఒక్కపారి లేచినంక ఆ సన్నటిది దిగదు, నెలల తరబడి పైననే తిరుగుతది. మారినర్ 9 కండ్లకు అడ్డం వచ్చింది అదే.

అంగారకుని ఫొటోలల్ల గుంటల వెనక పొడుగు చారలు కనిపిస్తయి. కొన్ని తెల్లగ, కొన్ని నల్లగ. గ్రీలీ, ఐవర్సన్ సొరంగంల చిన్న గుంట బొమ్మ చేసి పెట్టి గాలి వదిలిండ్రు. గుంట అంచుకు తగిలి గాలి రెండు పాయలై సుడులు తిరిగి వెనక నేలను ఊడుస్తది. దుమ్ము ఊడ్చుకపోయిన కాడ కింది నల్ల నేల తేలుతది. గాలి మందగించిన చాటున దుమ్ము పేరుకుంటే తెల్లచార. కాలిఫోర్నియా ఎడారిల ఆంబాయ్ అనే కొండ వెనక అసొంటి నల్లచారే ఉంటే అక్కడికి పోయి కూడ కొలిచిండ్రు. చారల వరుస చూసి, ఆ గ్రహం మీద ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు గాలి కొడుతదో పటమే గీసిండ్రు. మనిషి లేడు, గాలి కొలిచే సాధనం లేదు. నేల మీది రాత ఉన్నది, దాన్ని చదివే ఓపిక ఉన్నది.

అంగారకుని మీద వైకింగ్ నౌక దిగే జాగ వెతికిన వాళ్లల్ల కూడ గ్రీలీ ఉన్నడు. 1976 జులై 4, అమెరికా రెండు వందల ఏండ్ల పండుగ రోజు దించాలని అనుకున్నరు. దగ్గరికి పోయి ఫొటోలు చూస్తే ఆ జాగ మంచిగ లేదు. పండుగను పక్కకు పెట్టి, జాగ మార్చి, జులై 20 నాడు క్రైసీ మైదానంల దించిండ్రు. అట్ల ఆగుడే అన్నిటికంటె పెద్ద ధైర్యమని నేనంట.

శుక్రుడు అంగారకునికి పూర్తిగ ఉల్టా. అక్కడి గాలి ఒత్తిడి మన కంటె 90 రెట్లు, వేడి 460 డిగ్రీల దాక. 1975ల సోవియట్ వెనెరా నౌకలు దిగి చూస్తే నేల మీద గాలి వేగం సెకనుకు ఓ మీటరు అటు ఇటుగనే ఉన్నది. మన కాడ అంత గాలికి పతంగి గూడ లేవది. గ్రీలీ దానికి ఇంకో సొరంగం చేయించిండు. బొగ్గుపులుసు వాయువును గట్టిగ కుక్కి, శుక్రుని గాలి అంత చిక్కగ చేసి, ఇసుక మీద వదిలిండు. ఆ మెల్లటి గాలికే ఇసుక కదిలింది, చిన్న చిన్న తిన్నెలు కట్టింది. 1990ల మాజెల్లాన్ నౌక పోయి రాడార్‌తో చూస్తే వేల గాలి చారలు దొరికినయి. ఇసుక తిన్నెల మైదానాలు మాత్రం రెండే కనిపించినయి.

అయో అగ్నిపర్వతాల ముచ్చట ఇయ్యాల వద్దు, రాత్రంత పడతది. గురుని చందమామ అది. 1979ల వాయేజర్ 1 చూసినప్పుడే అది మండుతున్నదని తెలిసింది. గెలీలియో నౌక ఫొటోల జట్టుల గ్రీలీ ఉన్నడు, అంత వరకే చెప్త.

1985ల ఐవర్సన్‌తో కలిసి పుస్తకం రాసిండు, గాలి నేలను ఎట్ల చెక్కుతదని. దాని పేరుల నాలుగు లోకాలున్నయి, భూమి, అంగారకుడు, శుక్రుడు, టైటన్. శనికి చందమామ ఈ టైటన్. అప్పటికి దాని నేలను చూసినోడు లేడు, పసుపు మబ్బు కప్పి ఉంటది. గాలి ఉన్నది, రేణువు ఉంటే చాలు, ఇసుక నడుస్తదని లెక్క గట్టిండ్రు. అటెనుక 2005 జనవరి 14 నాడు హైగెన్స్ నౌక అక్కడ దిగింది. మన ఉత్తరాయణం నాడే బిడ్డా! మీ నాయిన డాబా మీద పతంగి ఎగిరేస్తుండె, నేను కింద టీవీ ముందు కూసున్న. ఆ మరుసటేడు, శని చుట్టు తిరిగే కాసిని నౌక తీసిన రాడార్ ఫొటోల గురించి చెప్పిండ్రు. టైటన్ నడుము పొడుగున వందల కిలోమీటర్ల నల్ల ఇసుక తిన్నెలు.

ఏందిరా చిన్నోడా, మనోళ్లు పోలేదా అంటున్నవా? పోయిండ్రు. మన నెల్లూరు దిక్కు శ్రీహరికోట నుంచి 2013 నవంబర్ 5 నాడు మంగళయాన్ లేచింది. 2014 సెప్టెంబర్ 24 నాడు అంగారకుని కక్ష్యకు చేరింది. దాని రంగుల కెమెరా చేసింది అహ్మదాబాద్‌ల. ఆ కెమెరా ఒలింపస్ మాన్స్‌ను తీసింది, దుమ్ము తుఫాన్లను తీసింది. చూసేదానికి గ్రీలీ లేడు. 2011 అక్టోబర్ 27 నాడు పోయిండు.

పోయే దాక అంగారకుని మీది రోవర్ల పని చూస్తనే ఉన్నడు. స్పిరిట్ రోవర్ తీసిన సుడిగాలుల ఫొటోలను లెక్కగట్టి, ఎన్ని లేస్తున్నయి, ఎంత దుమ్ము మోస్తున్నయని రాసిండు. ఆయన పోయినంక, 2012 చలికాలం గడిపేదానికి ఆపర్చునిటీ రోవర్ ఓ వాలు జాగల ఆగింది, ఎండ దిక్కు సోలార్ పలకలు వంచుకొని. ఆ జాగకు తోటోళ్లు గ్రీలీ హేవెన్ అని పేరు పెట్టిండ్రు. 2018ల గ్రహమంత దుమ్ము లేచి, ఎండ అందక ఆ రోవర్ మూగబోయింది.

సరే, ఆదివారం డుమస్ సముద్రం ఒడ్డుకు పోదాం. బడిల వాడే సూదంటురాయి ఒకటి దెచ్చుకోండ్రి, ఓ కాగితం కూడ. అక్కడి నల్ల ఇసుకను దయ్యాల ఇసుక అని భయపెడతరు, నమ్మకుండ్రి. సాత్పురా కాడ పుట్టి 700 కిలోమీటర్లు, ఎక్కువగ నల్ల రాయి దేశంలనే పారి, తాపీ నది నూరి తెచ్చి పోసిన బసాల్టు అది. దాంట్ల ఇనుప ఖనిజపు రేణువులున్నయి. కాగితం మీద ఇసుక పోసి, కింద నుంచి సూదంటురాయి జరుపుండ్రి, ఏవి లేచి నిలబడతయో చూడుండ్రి. తర్వాత సముద్రం గాలి కొట్టేటప్పుడు వంగి, గవ్వల వెనక ఏ దిక్కుకు చార పడ్డదో గీసుకోండ్రి. నోటుబుక్కు మరువకుండ్రి.